వేలంలో కొన్న పాత వస్తువు, ఆన్‌లైన్‌లో అమ్మకం: పాఠకుల సందేహాలు

ఈ శీర్షికకు ఇటీవల వస్తున్న ఉత్తరాలలో చాలావరకు పాత నాణేలు, ఇత్తడి సామాను, గ్రామఫోనులు, గడియారాలు వేలంలో కొని ఆన్‌లైన్‌లో తిరిగి అమ్మడం గురించే ఉంటున్నాయి. ఒకే సందేహాన్ని అనేకులు అడిగినప్పుడు వాటిలో వివరంగా రాసిన ఉత్తరాన్ని ఎంచుకుని, దానిని క్లుప్తపరచి జవాబు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. ఆదివారాలు తీరిక ఉంటుంది. పాత వస్తువులంటే చిన్ననాటి నుంచి మక్కువ. 50,000 రూపాయల పెట్టుబడితో వేలంలో కొని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. ఎక్కడ కొనాలి, ఏది కొనాలి, లాభం ఎలా లెక్క వేసుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందుగా మీ మక్కువను ఒక్క రకం వస్తువుకు పరిమితం చేసుకోండి. నాణేలు, గడియారాలు, ఇత్తడి, పుస్తకాలు, తపాలా బిళ్లలు అన్నీ కలిపి కొనేవారి దగ్గర సరుకు పేరుకుంటుందే తప్ప చదువు పెరగదు. పాత వస్తువు ధర మొత్తం ఆ చదువు మీదే నిలబడి ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఒక్క రూపాయి కూడా పెట్టకుండా చూస్తూ తిరగమని నేను అడిగినవారందరికీ చెబుతుంటాను. హైదరాబాదులో పురానాపూల్ వైపు గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు, చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లోని పాత గడియారాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాలు మీకు ఉచితంగా దొరికే పాఠశాలలు. ముర్గీ చౌక్‌లో గడియారాలు బాగుచేసే వృద్ధుల పక్కన కూర్చుని ఒక పూట గడిపితే తెలిసే సంగతులు ఏ వీడియోలోనూ ఉండవు.

ఇక వేలాల సంగతి. నాణేలకు, నోట్లకు ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ వంటి సంస్థలు కేటలాగు ముద్రించి వేలం వేస్తాయి. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాట పాడవచ్చు. ఇంటి సామాను కోసం పాతకాలపు పద్ధతిలో సాగే వేలం చూడాలంటే కోల్‌కతా రస్సెల్ స్ట్రీట్‌లో 1940 నుంచి నడుస్తున్న రస్సెల్ ఎక్స్ఛేంజ్‌కు ఒకసారి వెళ్లి రండి. కొనకపోయినా, పాట ఎలా పెరుగుతుందో, అనుభవజ్ఞులు ఎక్కడ చేయి దించేస్తారో కళ్లారా చూడవచ్చు.

లాభం లెక్క ఎక్కడ తప్పుతుందో అంకెలతో చెబుతాను. ఒక వస్తువును 10,000 రూపాయలకు పాడుకున్నారనుకోండి. వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి 20 శాతం కమీషను తీసుకునే పక్షంలో 2,000, ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ 360, రవాణాకు 640 కలిపితే వస్తువు మీ ఇంటికి చేరేసరికి 13,000 అవుతుంది. కొన్నిచోట్ల వస్తువు ధర మీద కూడా విడిగా జీఎస్టీ పడుతుంది కాబట్టి నియమావళి చదవకుండా పేరు నమోదు చేసుకోవద్దు. దానిని 16,000కు అమ్మారనుకుందాం. అమ్మకపు వేదిక, చెల్లింపు రుసుములు కలిసి 10 శాతం అయితే 1,600, ప్యాకింగుకు, కొరియరుకు 400 పోగా చేతికి వచ్చేది 14,000. పాటకూ అమ్మకానికీ మధ్య 6,000 తేడా కనిపించిన బేరంలో మిగిలింది 1,000 రూపాయలు; వస్తువు ఆరు నెలలు అలమరలో కూర్చుంటే అది కూడా మిగలనట్టే లెక్క. అందువల్ల అమ్మగలిగే ధర నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి, మీ గరిష్ఠ పాటను వేలానికి ముందురోజే కాగితం మీద రాసుకోండి. నేను ఈ నియమాన్ని ఒకసారి మీరాను. లోలకం గడియారాల లాట్ (కలిపి ఒకే పాటలో అమ్మే కట్ట) ఒకటి పాటకు వచ్చినప్పుడు, ఎదుటి వ్యక్తి పెంచుతున్నాడన్న పంతంతో రాసుకున్న అంకెకు రెట్టింపు దాకా పాడాను. ఇంటికి తెచ్చి విప్పితే డయలు మీద అమెరికా కంపెనీ పేరు ముద్రించిన కొత్త కాగితం, లోపల మరెక్కడివో యంత్ర భాగాలు. ముందురోజు సరుకు చూసుకునే అవకాశం ఇచ్చారు, వెళ్లలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

అమ్మగలిగే ధర తెలుసుకోవడానికి, అమ్మకానికి పెట్టినవారు అడుగుతున్న ధరలను చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. వేలం సంస్థలు ముగిసిన పాటల ఫలితాలను ప్రకటిస్తాయి, ఈబే వంటి వేదికల్లో అమ్ముడుపోయినవాటిని మాత్రమే వడకట్టి చూసే వీలుంది. అదే రకం, అదే స్థితిలో ఉన్న వస్తువు కనీసం అయిదారు సార్లు ఎంతకు పోయిందో చూసి, వాటిలో అతి ఎక్కువ ధరను పక్కన పెట్టి లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా నాయనమ్మ పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న 14 వెండి రూపాయలు దొరికాయి. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818' అని రాసి ఉన్న రాగి నాణెం కూడా ఒకటి ఉంది. వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టగానే ఒకాయన ఫోన్ చేసి, రాగి నాణేనికి 28 లక్షలు ఇప్పిస్తానని, ముందుగా రిజర్వు బ్యాంకు అనుమతి రుసుముగా 5,200 కట్టాలని చెప్పాడు. నమ్మవచ్చా? చింతపండుతో తోమి ఫొటోలు తీయమని కూడా అన్నాడు.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, దయచేసి ఆ డబ్బు కట్టకండి. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలకూ తనకూ సంబంధం లేదని, వాటికోసం ఎవరి నుంచీ రుసుము గానీ కమీషను గానీ తీసుకోదని, తన పేరు వాడుకునే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మీ వస్తువు కొంటున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమనేవారు కూడా ఉన్నారు. పిన్ కొట్టడం డబ్బు పంపడానికే గాని తీసుకోవడానికి ఎన్నడూ అవసరం ఉండదు.

ఆ రాగి బిళ్ల గురించి. రామపట్టాభిషేకం, హనుమంతుడు వంటి బొమ్మలతో 1818, 1717, 1616 వంటి సంవత్సరాలు వేసి ఉన్నవాటిని ఈస్ట్ ఇండియా కంపెనీ ఎన్నడూ నాణేలుగా ముద్రించలేదు. మద్రాసు వరహాల మీద దేవతామూర్తులు ఉన్న మాట వాస్తవమే. అయితే అవి చిన్న బంగారు నాణేలు, వాటికీ ఈ పెద్ద రాగి బిళ్లలకూ ఏ పోలికా లేదు. మీ దగ్గర ఉన్నది పూజలో పెట్టుకునే బిళ్ల. నాయనమ్మగారి పూజలో ఉండి ఉంటే దానిని అలాగే దాచుకోండి. ఇలాంటి బిళ్లలకే బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఉందని, అవి 'రైస్ పుల్లింగ్' నాణేలని, విదేశీ పరిశోధన సంస్థలు కోట్లు ఇస్తాయని చెప్పి మన రెండు రాష్ట్రాలలోనూ ముఠాలు ఎన్నో కుటుంబాలను ముంచాయి. పొలాలు అమ్ముకున్నవారున్నారు. ఆ పేరు వినపడగానే ఫోన్ పెట్టేయండి.

మీ దగ్గరున్న అసలు సంపద ఆ 14 రూపాయలు. హైదరాబాదు సంస్థానపు రూపాయి సుమారు 11.18 గ్రాముల బరువు ఉండి, అందులో దాదాపు 82 శాతం వెండి ఉండేది. అంటే ఒక్కొక్క దానిలో 9 గ్రాములకు కొంచెం పైగా వెండి ఉంటుంది. ఆ రోజు వెండి ధరతో హెచ్చవేస్తే, అంతకు తక్కువకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడని కనీస ధర వస్తుంది. దాని పైన ఎంత పలుకుతుందన్నది సంవత్సరం మీద, నాణెం స్థితి మీద ఆధారపడుతుంది. భూతద్దంతో చార్మినార్ మధ్య ద్వారంలోకి చూడండి. అక్కడ ఉర్దూ అక్షరం 'మీమ్' ఉంటే అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' ఉంటే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. నాణెం మీది అంకెలు హిజ్రీ సంవత్సరం. దానిని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే మన సంవత్సరం సుమారుగా వస్తుంది. 1329 అని ఉంటే 1911 అన్నమాట, మహబూబ్ అలీ ఖాన్ మరణించినదీ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కినదీ ఆ ఏడాదే. ఆ సంవత్సరపు నాణేలలో రెండు అక్షరాలూ కనిపిస్తాయి కాబట్టి సేకరించేవారు వాటిని శ్రద్ధగా చూస్తారు. బ్రిటిషు రూపాయలతో పాటు సమాంతరంగా చెలామణి అయిన ఈ సిక్కాలో 116 రూపాయల 10 అణాల 8 పైలు (పై అంటే అణాలో పన్నెండవ వంతు) బ్రిటిషు వంద రూపాయలకు సమానంగా ఉండేవి. మీ నాయనమ్మగారి తరం వారు సంతలో ఆ తేడాను నోటి లెక్కతోనే వేసేవారు.

చింతపండు, బూడిద, టూత్‌పేస్టు, నగలు కడిగే ద్రావకం, ఏదీ నాణేనికి తగలనివ్వకండి. దశాబ్దాలుగా వెండి మీద ఏర్పడిన ఆ బూడిదరంగు పొర ఒకసారి పోతే తిరిగి రాదు, తోమిన గీతలు భూతద్దం కింద స్పష్టంగా కనిపించి ధరను దించేస్తాయి. మెత్తటి, అతుక్కునే ప్లాస్టిక్ ఆల్బములు కూడా వద్దు. వాటిలోని పీవీసీ కొంతకాలానికి నాణెం మీద పచ్చటి జిగురుగా దిగుతుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఒక్కొక్కటి విడిగా ఉంచి, అంచులు మాత్రమే పట్టుకుని, రెండువైపులా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. పధ్నాలుగూ ఒకేసారి అమ్మవలసిన తొందర లేకపోతే, మొదట రెండు సాధారణమైనవి అమ్మి చూడండి.

ప్రశ్న: పాత ఇల్లు ఖాళీ చేస్తున్నవారు సామాను వేలం వేస్తే, ఇత్తడి బిందెలతో కలిపి జానెడు ఎత్తున్న కంచు వేణుగోపాలస్వామి విగ్రహం నాకు వచ్చింది. చాలా పాతదని అందరూ అంటున్నారు. ఆన్‌లైన్‌లో పెట్టగానే విదేశం నుంచి ఒకరు మంచి ధర చెప్పారు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడున్న స్థితిలో పంపకూడదు. ఆ ప్రకటనను కూడా ఈ రోజే తీసివేయమని కోరుతున్నాను. మన దేశంలో 1972లో చేసిన పురావస్తువులు, కళాసంపద చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. వంద సంవత్సరాలు నిండిన విగ్రహం, చిత్రం, శిల్పం, నాణెం, ఇతర కళాకృతులు అన్నీ ఆ చట్టం దృష్టిలో పురావస్తువులే; చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు, పత్రాలకు 75 సంవత్సరాలు నిండితే చాలు. వీటిని విదేశాలకు పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. పంపితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు శిక్ష, దానితో పాటు జరిమానా ఉన్నాయి. కొరియరు పెట్టె మీద 'ఇత్తడి అలంకరణ వస్తువు' అని రాసి పంపించేద్దామని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. అది సలహా కాదు, నేరంలో భాగస్వామ్యం.

దేశం లోపల అమ్మకానికి దారి ఉంది, కానీ అది నమోదుతో మొదలవుతుంది. రాతి, లోహ, దంత, మట్టి శిల్పాలు, అన్ని రకాల చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్కడపు పని ఉన్న కొయ్య వస్తువులు ఈ నాలుగు తరగతులకు చెందిన పురావస్తువులు ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర పురావస్తు శాఖ నమోదు అధికారి వద్ద ఫొటోలతో సహా నమోదు చేయించాలి. నమోదైన వస్తువును మరొకరికి బదిలీ చేసినప్పుడు ఆ సంగతిని కూడా తెలియజేయాలి. ఇంట్లో ఉన్న ఒక వస్తువును అమ్ముకోవడం వేరు, పురావస్తువులను కొని అమ్మడాన్ని వ్యాపారంగా పెట్టుకోవడం వేరు. రెండవ దానికి లైసెన్సు తప్పనిసరి. చట్టపు నిర్వచనంలో నాణెం కూడా ఉన్నదని నాణేల వ్యాపారం మొదలుపెట్టేవారు గుర్తుంచుకోవాలి.

మీ విగ్రహం నూరేళ్ల లోపుది కూడా కావచ్చు. పాతదిగా కనిపించడానికి కొత్త కంచును ఆమ్లంలో ముంచి మట్టిలో పాతిపెట్టడం ఎప్పటి నుంచో ఉంది. విగ్రహాన్ని పురావస్తు శాఖకు చూపిస్తే నిపుణులు పరిశీలిస్తారు. పురావస్తువు కాదని తేలితే ధ్రువపత్రం ఇస్తారు, అది ఉంటే మీరు నిశ్చింతగా ఎక్కడికైనా అమ్ముకోవచ్చు. అంతకన్నా ముందు మీరు చేయవలసినది ఒకటుంది. ఆ ఇంటివారిని కలిసి, విగ్రహం వారికి ఎలా వచ్చిందో, ఎంతకాలంగా పూజలో ఉందో రాయించి సంతకం తీసుకోండి, పాత పూజగది ఫొటో ఉంటే నకలు అడగండి. వేలం రశీదులో 'ఇత్తడి సామాను' అని మాత్రమే ఉంటే విగ్రహాన్ని విడిగా పేర్కొంటూ మరో రశీదు రాయించుకోండి. ఏదైనా గుడి నుంచి పోయిన విగ్రహమన్న అనుమానం రవ్వంత కలిగినా పోలీసులకు, దేవాదాయ శాఖకు తెలియజేయడం ఒక్కటే మార్గం. పొలంలోనో పునాదిలోనో తవ్వుతుండగా దొరికినవాటి సంగతి ఇంకా వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపాన్నయినా కలెక్టరుకు తెలియజేయాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగిలించిన ఒక సున్నపురాతి శిల్పఫలకం చేతులు మారి మారి చివరికి ఆస్ట్రేలియా జాతీయ కళామందిరానికి చేరింది. వారు దానిని 2005లో పెద్ద మొత్తం చెల్లించి కొన్నారు. అది చోరీ సొత్తని తేలిన తరువాత 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. అంత పెద్ద సంస్థే ఆ వస్తువు నడిచి వచ్చిన దారి గురించి చెప్పిన మాటలను నమ్మి మోసపోయినప్పుడు, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. చందవరంలో ఆ ఫలకం ఉండవలసిన చోటు అన్నేళ్లు ఖాళీగా ఉండిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో 18,000 రూపాయలకు కుక్కబొమ్మ గ్రామఫోను కొన్నాను. పెద్ద ఇత్తడి బాకా, ఎనిమిది పలకల చెక్కపెట్టె, ముందు గుండ్రటి ఇత్తడి బిళ్ల మీద హెచ్‌ఎంవీ గుర్తు ఉన్నాయి. 1920ల నాటిదని రాశారు. తిరిగి 40,000కు అమ్మాలని ఆశ. అసలుదేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన వర్ణనను బట్టి, పంపిన నాలుగు ఫొటోలను బట్టి అది ఇటీవలి కాలంలో తయారైనదే. ఈ వార్త మీకు కష్టం కలిగిస్తుందని తెలుసు. ఇలాంటివి మన దేశంలోనే కొన్ని దశాబ్దాలుగా పెద్ద సంఖ్యలో తయారై పర్యాటకులకూ ఇతర దేశాలకూ వెళుతున్నాయి. పాడైపోయిన చేతిపెట్టె గ్రామఫోనుల నుంచి మోటారు తీసి, కొత్త చెక్కపెట్టెలో బిగించి, కొత్త ఇత్తడి బాకా తగిలించి, కుక్కబొమ్మ అంటిస్తారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. బయటికి బాకా ఉన్న అసలు హెచ్‌ఎంవీ యంత్రాలలో ఎక్కువ వాటి బాకాలు రంగు వేసిన ఇనుప రేకుతోనో, చెక్కతోనో చేసినవి. తళతళలాడే పలుచని ఇత్తడి బాకా మొదటి అనుమానానికి కారణం కావాలి. పెట్టెకూ బాకాకూ మధ్య ఉండే వంపు గొట్టం అసలు యంత్రంలో సన్నగా మొదలై క్రమంగా వెడల్పవుతూ ధ్వనిని నడిపిస్తుంది. నకిలీలో అది లావుగా, మొరటుగా, పోతపోసిన కుళాయి వంపులా ఉంటుంది. సూది బిగించే గుండ్రటి సౌండ్‌బాక్సు మీద అసలు వాటిలో 'ఎగ్జిబిషన్', 'నంబరు 4', '5ఏ' వంటి పేర్లు శుభ్రంగా చెక్కి ఉంటాయి. పెట్టె అడుగు భాగం చూడండి. వందేళ్ల చెక్క అడుగున ఎండి, దుమ్ము పట్టి, సమంగా నల్లబడి ఉంటుంది, కొత్త చెక్కకు పూసిన రంగు మూలల్లో పేరుకుని కనిపిస్తుంది. మీ ఫొటోలో స్క్రూలు నక్షత్రం గాడి ఉన్నవి. 1920ల యంత్రంలో వాటికి చోటు లేదు.

మన ఇళ్లలో నిజంగా ఉండిన యంత్రం ఇది కాదు. 1931 నుంచి వచ్చిన హెచ్‌ఎంవీ 102 వంటి, బాకా లోపలే ఉండే, సూట్‌కేసులా మూసుకునే చేతిపెట్టెలే పెళ్లిళ్లకూ, కచేరీల ఇళ్లకూ, ఊళ్లలో పద్యనాటకాల రికార్డులు వినడానికీ తిరిగాయి. చూడటానికి సాదాగా ఉండటం వల్ల వాటిని పాతసామాన్లవాళ్లకు బరువు లెక్కన ఇచ్చేసిన ఇళ్లు ఎన్నో. మీకు గ్రామఫోనుల మీద ఆసక్తి ఉంటే అలాంటి దానిని వెతకండి. దానితో పాటు లక్క రికార్డులను కూడా సేకరిస్తే, ప్రతి వైపుకూ కొత్త ఉక్కుసూది వాడటం, రికార్డులను నిలువుగా పెట్టడం అలవాటు చేసుకోండి. అరిగిన సూదితో వినే ఒక్కొక్క పాటా ఆ రికార్డును కొంత కొంత చెరిపివేస్తుంది.

ఇప్పుడు మీరేం చేయాలి? అమ్మినవారు '1920ల నాటిది' అని రాసిన పేజీని, చెల్లింపు రుజువును భద్రపరచి, ముందుగా వేదికలో వివాదం నమోదు చేయండి. గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. డబ్బు తిరిగి రాకపోయినా సరే, దానిని 40,000కు 'అసలు పాతది' అని రాసి మరొకరికి అంటగట్టే ఆలోచన విడిచిపెట్టండి. 'కొత్తగా తయారైన అలంకరణ గ్రామఫోను, పనిచేస్తుంది' అని రాసి అమ్మండి. తక్కువే వస్తుంది. తెలియక కొన్న మీరు బాధితులు. తెలిసి అమ్మితే ఆ మాట చెప్పుకునే హక్కు మీకు ఉండదు.

ప్రశ్న: తాతగారి ఏనుగు దంతపు పిడి ఉన్న చేతికర్ర, గోడకు తగిలించిన దుప్పి కొమ్ములు అమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవి ఎంత పాతవైనా క్రయవిక్రయాలు నేరమే. దేశీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986లో నిషేధించారు. యాజమాన్య ధ్రువపత్రం ఉన్న వస్తువు వారసత్వంగా కుటుంబంలో చేతులు మారవచ్చు తప్ప డబ్బుకు మారకూడదు. పత్రం లేకపోతే జిల్లా అటవీ అధికారిని సంప్రదించండి. పులిగోరు లాకెట్ల గురించి అడిగిన ముగ్గురు పాఠకులకూ ఇదే జవాబు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. వారాంతాల్లో ఎస్టేట్ సేల్స్‌కు (ఒక ఇంటి సామానంతా ఆ ఇంటి దగ్గరే అమ్మే అమ్మకాలకు) వెళ్లి కొన్నవి ఈబేలో అమ్ముతుంటాను. ఈమధ్య నల్లటి లోహం మీద వెండి పూలతీగెలున్న కూజా ఒకటి 35 డాలర్లకు దొరికింది. బిద్రీ అని అనుమానం. ఎలా నిర్ధారించుకోవాలి? భారతీయ విగ్రహాలు కూడా అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి, కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను. బిద్రీ మన ఉమ్మడి వారసత్వం. 1956 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది, సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీకి ప్రత్యేకంగా ఒక గది ఉంది. ఇది ఎక్కువ పాళ్లు తుత్తునాగం (జింకు), కొద్దిగా రాగి కలిపి పోతపోసిన లోహం. కాబట్టి అయస్కాంతానికి అంటదు, పరిమాణానికి మించిన బరువు ఉంటుంది. గీసిన గాడులలోకి వెండి తీగెను గానీ రేకును గానీ కొట్టి కూర్చుతారు. తీగె పనిని తార్‌కషీ అంటారు. ఆ తరువాత బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపిన ద్రావణంలో వేడి చేసి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. గోరుతో తడిమితే వెండి అంచు దాదాపు తెలియకూడదు; పైన అంటించినట్టు లేచి ఉన్నా, నలుపు పెయింటులా పెచ్చులూడుతున్నా అది బిద్రీ కాదు. కూజా లోపలి భాగం, అడుగు చూడండి, పాత వాటిలో అక్కడ లోహపు సహజమైన బూడిదరంగు కనిపిస్తుంది. దయచేసి ఇత్తడి మెరుగుపెట్టే ద్రావకం వాడవద్దు. నూరేళ్లు నిలిచిన నలుపు అయిదు నిమిషాల్లో పోతుంది. మెత్తటి బట్టకు ఒక చుక్క కొబ్బరినూనె రాసి తుడవండి చాలు. అమ్మేటప్పుడు పేరులో 'బిద్రీ' అన్న మాట తప్పక ఉండాలి. 'నల్ల కూజా' అని రాసినందువల్లే అవతలివారు దానిని 35 డాలర్లకు వదులుకున్నారు.

ఎస్టేట్ సేల్‌లో చివరి రోజు ధరలు సగానికి తగ్గించడం అలవాటే కాబట్టి, మంచివి మొదటిరోజు ఉదయం, మామూలువి చివరిరోజు మధ్యాహ్నం అని పెట్టుకోండి. ఇంటివారు అక్కడే ఉంటే ఆ వస్తువు ఎప్పుడు, ఎవరు, ఎక్కడ కొన్నారో అడిగి రాసుకోండి. విగ్రహాల విషయంలో ఇది మరింత ముఖ్యం. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకోవడానికి భారత్, అమెరికా 2024 జూలైలో ఒప్పందం కుదుర్చుకున్నాయి. పాత రశీదు, కుటుంబ ఫొటో వంటి ఆధారం లేని రాతి, కంచు విగ్రహం ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా దొరికినా వదిలేయమని నా అభిప్రాయం. ఏనుగు దంతం విషయంలో అమెరికాలోనూ 2016 నుంచి దాదాపు పూర్తి నిషేధం ఉంది. ఇక్కడి నుంచి అమ్మమ్మగారి ఇత్తడి సామాను తీసుకువెళ్లాలని కూడా అడిగారు. పాతదిగా కనిపించే ప్రతి వస్తువుకూ ప్రయాణానికి చాలా ముందే పురావస్తు శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం తీసుకోండి. విమానాశ్రయంలో వాదించి ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: పాత పింగాణీ, గాజు వస్తువులు అమ్ముతాను. 'విరిగి వచ్చింది', 'ఫొటోలో ఉన్నట్టు లేదు' అన్న ఫిర్యాదులతో నెలకు రెండు మూడు తిరిగి వస్తున్నాయి. అలాగే జీఎస్టీ నమోదు నాకు అవసరమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండవ ప్రశ్నకు ముందు జవాబిస్తాను. 2023 అక్టోబరు నుంచి, సొంత రాష్ట్రంలోనే ఆన్‌లైన్ వేదికల ద్వారా వస్తువులు అమ్మే చిన్న వ్యాపారులకు టర్నోవరు పరిమితి లోపల నమోదు నుంచి మినహాయింపు ఉంది. మీరు హైదరాబాదుకో చెన్నైకో ఒక్క వస్తువు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, దానికి నమోదు కావాలి. వాడిన వస్తువులు కొని అమ్మేవారు, కొనుగోలు మీద పన్ను తగ్గింపు కోరకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద మాత్రమే పన్ను కట్టే పద్ధతి నియమాలలో ఉంది. మీ ఆడిటరును ఆ పద్ధతి గురించి ప్రత్యేకంగా అడగండి. అందుకు ప్రతి వస్తువుకూ కొన్న రశీదు ఉండాలి.

ఫిర్యాదుల్లో సగం వర్ణనలోనే పుడతాయి. మీ ప్రకటనలు చూశాను. అన్నీ ముందు వైపు ఫొటోలే, అన్నిటికీ 'మంచి స్థితి' అనే రాశారు. ఇకపై ప్రతి వస్తువునూ కిటికీ వెలుతురులో ఎనిమిది ఫొటోలు తీయండి, వాటిలో మూడు తప్పనిసరిగా లోపాలవే కావాలి. అంచు మీద గోరు నడిపి, తగిలిన ప్రతి పెచ్చునూ కొలిచి, 'మూతి అంచున 3 మిల్లీమీటర్ల పెచ్చు, పిడి దగ్గర వెంట్రుకవాసి బీట, ఒకసారి అతికించిన గుర్తు' అని రాయండి. పింగాణీని వేలితో తడితే గంటలా మోగాలి. మొద్దుగా పలికితే కనిపించని బీట ఉన్నట్టు, ఆ మాట కూడా రాయండి. లోపాలు చెప్పినందువల్ల కొనేవారు తగ్గుతారన్న భయం మొదట్లో నాకూ ఉండేది. తగ్గారు, కానీ కొన్నవారు వస్తువు తిప్పి పంపలేదు, మళ్లీ మళ్లీ నా దగ్గరికే వచ్చారు.

ప్యాకింగుకు ఒక పెట్టె చాలదు. వస్తువు లోపలి బోలును కాగితంతో నింపి, బుడగల ప్లాస్టిక్ చుట్టి, చిన్న అట్టపెట్టెలో బిగించి, ఆ పెట్టెను నాలుగు వైపులా రెండంగుళాల మెత్త ఉండేలా మరో పెట్టెలో పెట్టండి. మూతలు, సాసర్లు విడిగా చుట్టాలి. మూసే ముందు పెట్టెను ఊపి చూడండి, లోపల ఏ చప్పుడూ రాకూడదు. వస్తువును చుట్టడం నుంచి పెట్టె మీద చిరునామా అంటించడం వరకు ఆపకుండా ఒకే వీడియోగా తీసి, కొనుగోలుదారు అందినట్టు చెప్పిన తరువాత మరో నెల వరకు దాచి ఉంచండి.